లాయరు ఆఫీసు నడపడం: సీనియర్లు, జూనియర్లు, గుమాస్తాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప కోర్టుల దగ్గర ఆఫీసు నడిపే అడ్వకేట్లకు చట్టం మీద వచ్చే సందేహాలు తక్కువ. పుస్తకం తీస్తే అవి తీరిపోతాయి. మనుషుల మీద, తేదీల మీద, డబ్బు మీద వచ్చే సందేహాలే మళ్లీ మళ్లీ వస్తుంటాయి. వాటిని ఇక్కడ ఒకచోట చేర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఇద్దరు ముగ్గురు లాయర్లున్న ఆఫీసు నుంచి పదీ పదిహేనుమంది ఉన్న ఫర్మ్ దాకా ఎవరికైనా పనికొచ్చేలా రాశాం.

## ఒక్కరి ప్రాక్టీసు ఆఫీసుగా మారేటప్పుడు

ఇన్నాళ్లూ నేను, మా గుమాస్తా చాలు. ఇప్పుడు ఇంకో లాయరు కావాలో వద్దో ఎలా తేల్చుకోవాలి?

ఫైళ్ల సంఖ్య చూసి తేల్చుకోకండి. గడిచిన మూడు నెలల డైరీ తీసి, "నేను వేరే కోర్టులో ఉన్నాను" అన్న ఒక్క కారణంతో వాయిదా అడిగిన రోజులు లెక్కపెట్టండి. డోన్‌లో సాక్షి విచారణ, అదే రోజు కర్నూలులో వాదనలు పడటం నెలకు మూడు నాలుగుసార్లు జరుగుతుంటే మనిషి కావాల్సిందే. రెండో గుర్తు డ్రాఫ్టులు. కాగితాలన్నీ వచ్చాక కూడా దావా వేయడానికి మూడు వారాలు పడుతుంటే పని మీ ఒక్కరి చేతి దగ్గరే ఆగిపోతోందన్నమాట.

మనిషిని పెట్టుకునే ముందు ఆరు నెలల స్టయిపెండ్ పక్కన ఉంచుకోండి. మన దగ్గర రైతు క్లయింట్లు ఎక్కువ. వేరుశనగో పత్తో చేతికొచ్చేదాకా ఫీజు రాదు, వానలు పడకపోతే అప్పుడూ రాదు. జూనియర్‌కు మాత్రం ప్రతి నెలా బస్సు చార్జీలు, గది అద్దె తప్పవు.

ముగ్గురు స్నేహితులం కలిసి ఫర్మ్ పెట్టాలనుకుంటున్నాం. నోటిమాట చాలదా?

చాలదు. స్నేహం బాగున్నప్పుడే రాసుకోవాలి. పార్టనర్‌షిప్ డీడ్‌లో కనీసం ఈ విషయాలుండాలి: ఫర్మ్ పెట్టకముందు ఎవరెవరి దగ్గరున్న పాత ఫైళ్లు ఎవరివి, అద్దె, జీతాలు ఎవరి వాటా ఎంత, ఫీజు ఎలా పంచుకోవాలి, ఒకరు వెళ్లిపోతే నడుస్తున్న కేసులు ఎవరు చూడాలి. ఫీజు దగ్గరే ఎక్కువ గొడవలు వస్తాయి. "సమానంగా" అని రాసుకుంటే ఏడాదిలోపే ఎక్కువ పనిచేసేవాళ్లకు మనసు విరుగుతుంది. వచ్చిన ఫీజులో 30 శాతం ఆఫీసు ఖర్చులకు, 20 శాతం కేసు తెచ్చినవారికి, మిగతా 50 శాతం పనిచేసినవారికి అని పెట్టుకుంటే చిన్న ఫర్మ్‌లో బాగా నడుస్తుంది. ఏటా మార్చిలో ముగ్గురూ కూర్చుని అంకెలు సరిచూసుకోండి.

ఇంకో రెండు విషయాలు. అడ్వకేటు కానివారితో పార్టనర్‌షిప్ గానీ, ఫీజు పంచుకోవడం గానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు ఒప్పుకోవు. కేసు తెచ్చిన మధ్యవర్తికి "పర్సంటేజీ" ఇవ్వడం కూడా అందులోకే వస్తుంది. ఫర్మ్‌ను రిజిస్టర్ చేయించండి. చేయించకపోతే 1932 పార్టనర్‌షిప్ చట్టం సెక్షన్ 69 ప్రకారం డీడ్‌లో రాసుకున్న హక్కుల కోసం ఒకరి మీద ఒకరు దావా వేసుకునే దారి దాదాపు మూసుకుపోతుంది.

బోర్డు, వెబ్‌సైటు, వాట్సాప్ స్టేటస్ పెట్టుకోవచ్చా?

ప్రచారం చేసుకోకూడదు. మితమైన సైజులో నేమ్‌బోర్డు ఉండొచ్చు. 2008 సవరణ తర్వాత వెబ్‌సైటులో పేరు, చిరునామా, ఫోన్, ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, చదువు, ఏ రకం కేసులు చూస్తారన్నది పెట్టుకోవచ్చు. "ఈరోజు మన ఆఫీసు గెలిచిన కేసు" అంటూ జూనియర్లు పెట్టే స్టేటస్‌లను మాత్రం మొదటి రోజే ఆపేయండి. అది ప్రచారమే, పైగా క్లయింటు రహస్యం కూడా బయటపడుతుంది.

ఒకే ఊరి రెండు వర్గాలూ మా ఆఫీసుకే వస్తున్నాయి. ఎదుటివాళ్లు మన పాత క్లయింట్లని ముందే తెలుసుకునేదెలా?

పేరుతో వెతికితే దొరకదు. ఒకే ఊళ్లో నలుగురు వెంకటరెడ్లు, ముగ్గురు మహబూబ్ బాషాలు ఉంటారు. రిజిస్టర్‌లో ప్రతి కేసుకూ ఊరు, ఇంటిపేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎదుటి పక్షం వివరాలు రాయండి. మొదట ఊరి పేరుతో, తర్వాత సర్వే నంబరుతో వెతకండి. భూమి గొడవల్లో మనుషులు మారినా సర్వే నంబరు మారదు. సబ్‌డివిజన్ అయినా మూల నంబరు అందులో కనిపిస్తుంది.

వెతకాల్సింది కాగితాలు చేతిలోకి తీసుకోకముందే. ఒకసారి కథ మొత్తం విన్నాక, సలహా ఇచ్చాక అదే విషయంలో ఎదుటివారి తరఫున నిలబడటం కుదరదు. ఫోన్‌లో జూనియర్ ఇచ్చిన చిన్న సలహా కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే కొత్త ఫోన్ వస్తే జూనియర్ మొదట అడగాల్సింది "ఏ ఊరు, ఎవరి మీద?" అన్న రెండు మాటలే.

## జూనియర్లను తీసుకునేటప్పుడు, నేర్పేటప్పుడు

జూనియర్‌కు ఎంత ఇవ్వాలి? మా రోజుల్లో మాకెవరూ ఏమీ ఇవ్వలేదు కదా.

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఇచ్చిన సర్క్యులర్ పట్టణాల్లో నెలకు 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు కనీసంగా ఇవ్వాలని సూచించింది. అది సిఫారసే, ఆదేశం కాదు. అంత ఇవ్వలేని ఆఫీసులు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. ఇవ్వగలిగినంత ఇవ్వండి, కానీ ఏ తేదీన ఇస్తారో చెప్పి ఆ తేదీకే ఇవ్వండి. బస్సు చార్జీలు, జిరాక్సులు, ఛలానాలు జూనియర్ జేబులోంచి ఒక్క రూపాయి పడకూడదు. "మాకూ ఇవ్వలేదు" అన్న మాట వల్ల నష్టం ఎవరికంటే, ఇంట్లో ఆసరా లేని పిల్లలకు. పల్లె నుంచి వచ్చి లా చదివినవాళ్లు రెండేళ్లకే వృత్తి వదిలేసి వేరే ఉద్యోగాలకు పోతున్నారు. వాళ్లలో మంచి లాయర్లు కాగలిగినవాళ్లు ఎందరో ఉన్నారు.

మొదటి ఏడాది ఏ పని ఇవ్వాలి? ఊరికే నా వెనక కోర్టుకు తిప్పుకుంటున్నాను.

వెనక తిరిగితే కోర్టు హాలు అలవాటవుతుంది, పని రాదు. మొదటి రెండు నెలలు గుమాస్తా దగ్గర కూర్చోబెట్టండి. ఫైలింగ్, రిటర్న్ అయిన కాగితాలు సరిచేసి మళ్లీ వేయడం, బట్టా (సమన్లు పంపే ఖర్చు) కట్టడం, కాపీ అప్లికేషన్, కోర్టు ఫీజు లెక్క, ఇవన్నీ స్వయంగా చేయాలి. మూడో నెల నుంచి వాయిదా పిటిషన్లు, గైరుహాజరు పిటిషన్లు. పాతవాళ్ల నోట్లో ఇంకా 317 (పాత సీఆర్‌పీసీ సెక్షన్) అనే మాటే ఉంది, ఇప్పుడు అది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 355 అని రాయడం అలవాటు చేయండి. ఆరో నెలకు పది పదిహేను ఫైళ్లు పేరుపెట్టి అప్పగించండి: కాగితాల సంగతి నుంచి క్లయింటుకు ఫోన్ దాకా వాటి బాధ్యత తనదే. ఏడాది నిండేలోపు ఒక చిన్న సాక్షి ఛీఫ్ (మన సాక్షిని మనమే విచారించడం), ఒక ఐఏ (మధ్యంతర దరఖాస్తు) వాదన తన నోటితో జరగాలి.

ఆదోని, ఆలూరు, రాయదుర్గం వైపు కేసులుంటే ఇంకో మాట. ఆ తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేవి, పాత దస్తావేజులు కన్నడంలో దొరుకుతాయి. కన్నడ లిపి కూడబలుక్కుని చదవగలిగే జూనియర్ ఒక్కరున్నా ఆఫీసుకు పెద్ద ఆస్తి.

డ్రాఫ్టు ఎన్నిసార్లు దిద్దినా అవే తప్పులు. నేనే రాసుకోవడం మేలు కదా?

ఈరోజుకు మేలే. కానీ పదేళ్లయినా మీరే రాసుకుంటుంటారు. తప్పులు తిరిగి రావడానికి మామూలుగా ఉండే కారణం, మీరు దిద్దిన కాగితం నేరుగా టైపిస్టు చేతికి పోవడం. జూనియర్ దాన్ని మళ్లీ చూడడు. దిద్దింది జూనియర్‌కే ఇచ్చి, తనే టైపు మార్పులు చేసి తేవాలని చెప్పండి. ఎర్ర పెన్నుతో కొట్టేసిన ప్రతిచోటా పక్కన ఒక్క మాట కారణం రాయండి.

దావాల్లో తరచూ తప్పులు దొర్లే చోట్లు నాలుగు. ఒకటి, షెడ్యూలులో చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు): దస్తావేజులో "తూర్పు: వంక" అని ఉంటే డ్రాఫ్టులో "తూర్పు: వెంకన్న పొలం" అని పడుతుంది. రెండు, ఎకరాలు సెంట్లలో మొత్తం కలవకపోవడం. మూడు, వ్యాజ్య కారణం ఎప్పుడు పుట్టిందో తేదీ లేకపోవడం. నాలుగు, దావా విలువ ఒకచోట ఒకటి, కోర్టు ఫీజు పేరాలో మరొకటి ఉండటం. ఈ నాలుగూ ఒక అట్ట మీద రాసి టేబుల్ మీద పెట్టండి. డ్రాఫ్టు మీ దగ్గరికి వచ్చే ముందే జూనియర్ వాటికి టిక్కు పెట్టి తేవాలి.

జూనియర్ క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) పాడుచేసి వచ్చాడు. ఏమనాలి?

కోర్టు హాల్లో, కారిడార్‌లో, క్లయింటు ముందు ఏమీ అనకండి. ఆ సాయంత్రమే, సాక్షి చెప్పింది చెవుల్లో ఉండగానే, కూర్చోబెట్టండి. ఒక ఉదాహరణ చూడండి. ప్రోనోటు దావా, మనది ప్రతివాది పక్షం, సంతకం తనది కాదన్నది మన వాదన. నోటు మీద సాక్షి సంతకం చేసినవాడిని జూనియర్ క్రాస్ చేస్తున్నాడు. "నోటు రాసినప్పుడు నువ్వక్కడ లేవు" అంటే "ఉన్నాను" అన్నాడు. అక్కడ ఆగాలి. ఆగకుండా "ఉంటే ఎందుకున్నావు?" అని అడిగేసరికి "ఇద్దరూ పిలిపించినారు, డబ్బు నా ముందరే లెక్కపెట్టినారు" అన్నాడు సాక్షి. వాది ఛీఫ్‌లో లేని మాట మన ప్రశ్నతోనే రికార్డులోకి ఎక్కింది.

సాయంత్రం "ఎందుకప్పా అట్ల అడిగినావు?" అంటే జూనియర్ మూగబోతాడు. దానికి బదులు మూడు అడగండి: ఈ సాక్షి నోటి నుంచి నీకు కావలసిన మాట ఏది? ఏ ప్రశ్నకు జవాబు నీకు ముందే తెలుసు? ఇప్పుడు మళ్లీ చేస్తే ఏ ప్రశ్న వదిలేస్తావు? తప్పు తన నోటితోనే బయటికొస్తే గుర్తుంటుంది. వచ్చే సాక్షికి ప్రశ్నలు ముందురోజే కాగితం మీద రాయించి, ప్రతి ప్రశ్న పక్కన "వస్తుందనుకున్న జవాబు" రాయించండి. ఆ గడి ఖాళీగా మిగిలిందంటే ప్రశ్న కొట్టేయాలి.

పనిభారంలో అందరి ముందూ అరిచేస్తున్నాను. తర్వాత బాధపడుతున్నాను.

బాధపడటం మంచిదే, కానీ ఆఫీసుకు జరిగే నష్టం వేరే ఉంది. అరిచే సీనియర్‌కు జూనియర్లు తప్పులు చెప్పరు. వాయిదా తప్పిన సంగతి ఆ రోజే తెలిస్తే సరిచేయొచ్చు, నలభై రోజుల తర్వాత తెలిస్తే ఆలస్య మాఫీ పిటిషన్ వేసుకోవాలి. "తప్పు జరిగిన రోజే చెప్తే కోప్పడను, దాస్తే ఊరుకోను" అని ఆఫీసులో అందరికీ చెప్పండి. మొదటిసారి ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు మాట నిలబెట్టుకోండి. అంతా ఆ ఒక్కరోజు మీదే ఆధారపడి ఉంటుంది.

జూనియర్లు ఏఐతో డ్రాఫ్టులు, తీర్పులు తెస్తున్నారు. వద్దనాలా?

వద్దన్నా వాడతారు. రెండు హద్దులు పెట్టండి. లేని తీర్పును ఉన్నట్టు పుట్టించడం దానికి మామూలే, కాబట్టి ప్రతి తీర్పూ రిపోర్టులోనో కోర్టు వెబ్‌సైటులోనో పూర్తిగా తెరిచి, పేరా నంబరుతో ప్రింటు తీసి తేవాలి. క్లయింటు పేరు, సర్వే నంబరు, ఆధార్ వంటివి అందులో పెట్టకూడదు.

మహిళా జూనియర్లు ఏడాది తిరక్కుండానే మానేస్తున్నారు. ఎందుకు?

ముందు ఆఫీసు వేళలు చూడండి. చాలా ఆఫీసుల్లో అసలు పని సాయంత్రం ఏడుకు మొదలై పదికి ముగుస్తుంది. నేర్చుకునే మాటలన్నీ ఆ వేళలోనే నడుస్తాయి. ప్రొద్దుటూరు నుంచో ధర్మవరం నుంచో రోజూ వచ్చిపోయే అమ్మాయికి ఆ మూడు గంటలూ అందవు. చర్చను ఉదయం ఎనిమిదిన్నరకు మార్చితే సగం సమస్య తీరుతుంది. శుభ్రమైన టాయిలెట్ ఉండాలి. మెయింటెనెన్స్, గృహహింస కేసులే కాకుండా టైటిల్ దావాలు, క్రిమినల్ ట్రయల్స్ కూడా వాళ్ల చేతికి ఇవ్వాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట 2013 లైంగిక వేధింపుల నివారణ చట్టం ప్రకారం అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకన్నా చిన్న ఆఫీసుల్లో ఫిర్యాదుకు జిల్లా స్థాయి స్థానిక కమిటీ ఉంటుంది. ఈ సంగతి చేరిన రోజే చెప్పండి.

## రోజువారీ నడకలో

డైరీ ఉంది, యాప్ ఉంది. అయినా వాయిదా తప్పింది. ఎక్కడ తప్పు?

తేదీని ఒక్కరే రాసి, రెండోవారు సరిచూడకపోవడమే ఎక్కువసార్లు అసలు కారణం. బెంచ్ క్లర్కు చెప్పిన తేదీ చెవిన పడింది ఒకటి, రాసింది ఒకటి అవుతుంది. 17కు బదులు 27 పడితే ఆ పదిరోజుల్లో దావా డిఫాల్ట్‌గా డిస్మిస్ కావడమో, మనవాళ్లు ఎక్స్‌పార్టీ కావడమో (వాళ్లు లేకుండానే కేసు నడవడం) జరిగిపోతుంది. ముద్దాయి రాకపోతే వారంటు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. కోర్టుకు వెళ్లినవారు ఫైలు అట్ట మీద తేదీ, ఏ దశ అన్నది అక్కడే రాయాలి. "17" అని కాదు, "17, రెండో ప్రతివాది క్రాస్" అని. సాయంత్రం గుమాస్తా దాన్ని పెద్ద డైరీలోకి ఎక్కించాలి. మర్నాడు ఉదయం ఇంకొకరు, 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరుతో (ప్రతి కేసుకూ ఉండే గుర్తింపు సంఖ్య) ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో చూసి డైరీతో పోల్చి టిక్కు పెట్టాలి. ఆన్‌లైన్‌లో ఒక్కోసారి ఆలస్యంగా ఎక్కుతుంది, కాబట్టి యాప్‌నే డైరీ చేసుకోవద్దు. ప్రతి శుక్రవారం, "తర్వాతి తేదీ లేని ఫైళ్లు" ఏవో బీరువా మొత్తం చూడండి. తప్పిపోయేవి ఎక్కువగా అక్కడే దొరుకుతాయి.

జరిగిపోతే మాత్రం రోజులు లెక్కపెట్టండి. డిస్మిస్ అయిన దావాను మళ్లీ తెరిపించడానికి 30 రోజులు, ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టివేతకు 30 రోజులు. క్లయింటుకు అదే రోజు ఫోన్ చేసి చెప్పండి. ఆయనకు ఎదుటివాళ్ల నోటి నుంచి తెలిస్తే ఇక ఆ కుటుంబం మీ గడప తొక్కదు.

లిమిటేషన్ (కేసు వేయడానికి చట్టం పెట్టిన గడువు) తేదీలు చూసే బాధ్యత ఎవరిది?

సీనియర్‌దే. ఎవరు రాసినా, చివరి తేదీ పక్కన సీనియర్ పొట్టి సంతకం ఉండాలి. వాయిదాల డైరీ వేరు, లిమిటేషన్ రిజిస్టర్ వేరు. రెండూ కలిపితే లిమిటేషన్ మునిగిపోతుంది. ఎందుకంటే వాయిదాను కోర్టు గుర్తుచేస్తుంది, లిమిటేషన్‌ను ఎవరూ గుర్తుచేయరు.

చెక్కు బౌన్సయిన కేసు ఎలా రాయాలో చూడండి. బ్యాంకు మెమో అందింది మార్చి 3. నోటీసు పంపడానికి చివరి రోజు ఏప్రిల్ 2. నోటీసు ఎదుటివారికి అందింది ఏప్రిల్ 8. డబ్బు కట్టడానికి వాళ్లకుండే పదిహేను రోజుల గడువు ముగిసేది ఏప్రిల్ 23. ఫిర్యాదు వేయడానికి ఆ తర్వాత ఒక నెల, రిజిస్టర్‌లో మే 23 అని రాసి, ఆఫీసు గడువుగా మే 13 పెట్టుకోండి. మేలో వేసవి సెలవులు కదా అన్న భరోసాతో ఏ చెక్కు కేసునూ చివరికి నెట్టకండి.

రిజిస్టర్‌లో తప్పక ఉండాల్సినవి ఇంకొన్ని: జవాబు దావాకు 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90 దాకా. జిల్లా కోర్టు అప్పీలుకు 30, హైకోర్టుకు 90 రోజులు. కాపీ కోసం పట్టిన రోజులు తీసేయాలి, అందుకే కాపీ అప్లికేషన్ వేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ రెండూ రాయాలి. ప్రోనోటు మీద మూడేళ్లు. కేవియట్‌కు (మన మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే కాగితం) 90 రోజులు. మోటారు ప్రమాద క్లెయిముకు ఆరు నెలల నియమం 2022 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. 44వ నంబరు హైవే మీద ప్రమాదాల కేసులు చూసే ఆఫీసులు దీన్ని గోడ మీద రాసుకోవాలి. ఎక్స్‌పార్టీ ఇంజంక్షన్ వచ్చిన రోజు సంబరంలో మరిచిపోయేది ఒకటుంది: ఎదుటివారికి కాగితాలు రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అదే రోజో మర్నాడో అఫిడవిట్ వేయాలి.

అన్నీ మా గుమాస్తాకే తెలుసు. ఆయన నాలుగు రోజులు రాకపోతే ఆఫీసు ఆగిపోతుంది.

ముప్పై ఏళ్ల గుమాస్తా అంటే ఆఫీసుకు కన్నూ చెయ్యీ. ఆయన్ను మార్చాల్సిన పనిలేదు, ఆయనకు తెలిసింది కాగితం మీదికి రావాలి. "సుబ్బన్నా, నువ్వు లేనప్పుడు మాకు ఇబ్బంది కాకుండా రాసిపెట్టు" అని అడిగితే నొచ్చుకోరు. కంప్యూటర్ తెచ్చిపెట్టి జూనియర్ చేత ఆయన పని తనిఖీ చేయిస్తే నొచ్చుకుంటారు. ఒక జూనియర్‌ను నెలరోజులు ఆయన పక్కన కూర్చోబెట్టి, ఏ సెక్షన్‌లో ఏ కాగితం ఎన్ని కాపీలు, ఏ అభ్యంతరంతో రిటర్న్ అవుతుంది అన్నది రాయించండి. అసలు దస్తావేజులకు వేరే రిజిస్టర్: ఎవరిచ్చారు, ఏ తేదీ, ఎన్ని పేజీలు, తిరిగిచ్చినప్పుడు సంతకం. క్లయింటు రహస్యం కాపాడే బాధ్యత చట్టం గుమాస్తా మీద కూడా పెట్టింది, ఇది ఆయనకూ ఒకసారి చెప్పండి.

వారం మీటింగ్ పెడితే నేనొక్కడినే మాట్లాడుతున్నాను.

శనివారం నలభై నిమిషాలు చాలు. ముందు జూనియర్లు మాట్లాడాలి, సీనియర్ చివర. ప్రతి ఒక్కరూ వచ్చేవారం తమ ఫైళ్లలో ఏది తప్పిపోయే ప్రమాదం ఉందో ఒక్కటి చెప్పాలి. "ఏమీ లేదు సార్" అన్న జవాబు ఒప్పుకోవద్దు.

బార్ బహిష్కరణ పిలుపు ఉన్న రోజు ఏం చేయాలి?

లాయర్లకు సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 2002 డిసెంబరులో చెప్పింది. ఆ రోజు కూడా లిమిటేషన్ నడుస్తూనే ఉంటుంది. చివరి తేదీ ఉన్న ఫైలింగ్, బెయిలు, వారంటు వచ్చే కేసు ఏవో ముందురోజే జాబితా తీసి ఎవరు చూస్తారో పేరు రాయండి.

## క్లయింట్లు, డబ్బు

ఫీజు, ఖర్చులు కలిసిపోయి లెక్క తెగడం లేదు. ఎలా విడదీయాలి?

డబ్బు చేతిలో పడిన క్షణంలోనే విడదీయాలి. రసీదులో రెండు గడులు: ఫీజు, ఖర్చులు. నియమాలు కూడా అదే చెబుతున్నాయి. ఖర్చుల్లో కోర్టు ఫీజు, బట్టా, కమిషనర్ ఫీజు, కాపీలు, ప్రయాణం. భూసేకరణ పరిహారం, ప్రమాద క్లెయిము సొమ్ము లాంటివి క్లయింటు తరఫున ఆఫీసుకు వస్తే ఆ రోజే ఆయనకు తెలియజేయాలి, మీ సొంత ఖాతాలో కలపకూడదు. "వచ్చినదాంట్లో ఇంత శాతం" అన్న ఒప్పందం నిషేధం. క్లయింటుకు కేసు ఖర్చుల కోసం అప్పు ఇవ్వడమూ తప్పే. ఒకే వ్యవహారానికి రెండు లక్షలు, అంతకు మించి నగదు తీసుకోకండి, ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు.

ఫీజు బాకీ పెట్టి ఫైలు వెనక్కి అడుగుతున్నారు. ఇవ్వకుండా ఆపొచ్చా?

ఆపకూడదు. ఫీజు బాకీ కోసం ఫైలు అట్టిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో తేల్చింది. ఫైలు ఇచ్చి సంతకం తీసుకోండి, జిరాక్సు ఉంచుకోండి, బాకీకి వేరుగా నోటీసు ఇవ్వండి.

"పెద్ద సారే రావల్ల" అని క్లయింట్లు పట్టుబడుతున్నారు. జూనియర్‌కు కేసు అప్పగించేదెట్లా?

మొదటిరోజు నుంచే జూనియర్‌ను పక్కన కూర్చోబెట్టి, క్లయింటు చేత కథ జూనియర్‌కే చెప్పించండి. మీరు మధ్యలో రెండు ప్రశ్నలు అడిగితే చాలు. తర్వాత ఫోన్ మీకు వచ్చినా "మా తమ్ముడు చూస్తున్నాడు, ఆయన నాతో మాట్లాడే చెబుతాడు" అనండి. ముఖ్యమైన సాక్షికి, తుది వాదనలకు మీరు వస్తారని ముందే చెప్పి, ఆ రెండురోజులు తప్పక రండి.

## విడిపోయేటప్పుడు, అప్పగించేటప్పుడు

మా అబ్బాయి లా పూర్తిచేసి ఆఫీసుకు వస్తున్నాడు. పాత జూనియర్లు ముభావంగా ఉంటున్నారు.

వాళ్ల భయం న్యాయమైనదే. పదేళ్లు చాకిరీ చేసిన కుర్చీలోకి నిన్న వచ్చిన అబ్బాయి కూర్చుంటాడేమోనని. అబ్బాయిని మొదటి రెండేళ్లు ఇంకో ఊరిలో, ఇంకో సీనియర్ దగ్గర పెట్టడం అందరికీ మంచిది. అది కుదరకపోతే మీ ఆఫీసులోనే పాత జూనియర్ కింద పని నేర్పించండి, తప్పు దిద్దే అధికారం ఆ జూనియర్‌కే ఇవ్వండి. పాత జూనియర్ల వాటా ఎంతో అబ్బాయి చేరకముందే కాగితం మీద పెట్టండి.

ఎనిమిదేళ్ల జూనియర్ సొంత ఆఫీసు పెడతానంటున్నాడు. క్లయింట్లను తీసుకుపోతాడేమో.

కొందరు పోతారు, పోవడం క్లయింటు హక్కు. ఎవరు వెళ్లాలనుకుంటే వాళ్లకు మీ సమ్మతి రాసివ్వండి. ఒక లాయరు వకాలత్ (క్లయింటు సంతకం చేసిచ్చే అధికార పత్రం) ఉన్న కేసులోకి ఆ సమ్మతి లేకుండా కొత్త లాయరు రాకూడదు, సమ్మతి దొరక్కపోతే కోర్టు అనుమతి అడగాలి. ఇద్దరూ కూర్చుని ఫైళ్ల జాబితా మూడు భాగాలు చేయండి: వెళ్లేవి, ఉండేవి, ఈ దశ పూర్తయ్యేదాకా తనే చూడాల్సినవి. మూడోదాన్ని మరిచిపోతే సాక్షి సగం విచారణలో ఉండగా ఫైలు అనాథ అవుతుంది. అతని కొత్త ఆఫీసు ప్రారంభానికి వెళ్లండి. పనెక్కువైన రోజు మీ వాయిదా చూసిపెట్టేది అతనే.

సీనియర్‌కు ఉన్నట్టుండి ఆరోగ్యం బాగోలేదు. ఏదైనా జరిగితే కేసులు ఏమవుతాయి?

సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 3 రూల్ 4 ప్రకారం వకాలత్ ఇచ్చిన లాయరు మరణిస్తే ఆ వకాలత్ అక్కడితో ముగుస్తుంది. వకాలత్‌లో ఆయన పేరు ఒక్కటే ఉంటే క్లయింట్లందరి దగ్గరికీ తిరిగి కొత్తవి తేవాలి. జమ్మలమడుగు, కదిరి, ఆత్మకూరు పల్లెల్లో ఉన్నవాళ్లను, బెంగుళూరుకు పనికి పోయినవాళ్లను వెతికేలోపు వాయిదాలు దాటిపోతాయి. అందుకే ప్రతి కొత్త వకాలత్‌లో కనీసం ఇద్దరి పేర్లు, ఇద్దరి సంతకాలు ఉండాలి. పాత కేసుల్లో ఎవరైనా క్లయింటు ఆఫీసుకు వచ్చినప్పుడల్లా రెండో పేరుతో వకాలత్ తీసుకుని వేస్తూ పోండి.

ఆయన మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడే రోజుకు గంట చొప్పున ఫైళ్లు చెప్పించుకోండి. ఒక్కో ఫైలుకు అరపేజీ: కేసు ఎక్కడుంది, ఎదుటివారి బలం ఏమిటి, రాజీకి ఎంతవరకు వస్తారు, క్లయింటు నోటితో చెప్పి కాగితం మీద లేని సంగతి ఏది. ముందుగా వచ్చే మూడు నెలల్లో సాక్ష్యం, వాదనలు ఉన్న ఫైళ్లు తీయండి. బీరువా తాళాలు, ఈ-ఫైలింగ్ పాస్‌వర్డు, అసలు దస్తావేజుల రిజిస్టర్ ఎవరి దగ్గర ఉన్నాయో ఇంట్లోవాళ్లకు కూడా తెలియాలి.